మాంటాన్ బ్లాంష్‌కి వచ్చిన గోల్కొండ రాయి

ఇది మహాకావ్యం. ఇందులో సముద్రాలున్నాయి, మహాదుర్గం ఉంది, ఏనుగుల్ని ఆపే మేకుల తలుపులున్నాయి, నిండు సభలో చేసిన భీషణ ప్రతిజ్ఞ ఉంది, చెరసాల ఉంది, కన్నీళ్లున్నాయి. చదివేవారు కొంగులూ కండువాలూ సిద్ధం చేసుకోవచ్చు.

నిజం చెప్పాలంటే సముద్రం ఒకటే, దాన్నే రెండుసార్లు దాటాం. ఏనుగులు ఎక్కడా కనబడలేదు. ప్రతిజ్ఞ చేసినవాడు మా తాత. చేసేటప్పుడు ఆయన చేతిలో ఆయుధమేమీ లేదు, సగం కొరికిన మిరపకాయ వడ ఉంది. ఆ వడను ఆకాశానికెత్తి చేసిన ప్రతిజ్ఞ వల్లే ఇంత దూరం వెళ్లాల్సి వచ్చింది.

మాది మారిషస్‌లో మాంటాన్ బ్లాంష్. తాతకు నాలుగెకరాల చెరుకూ, ఒక జత భజన తాళాలూ, చుట్టుపక్కల ఎవరికీ లేనంత గొంతూ ఉన్నాయి. ఏటా శ్రీరామనవమి పొద్దున మా ఊరివాళ్లూ, దక్షిణాన లెస్కాలియే ఊరివాళ్లూ కలిసి రామభజన చేస్తారు. మధ్యలో ఇత్తడి దీపస్తంభం వెలిగించి, దాని చుట్టూ తిరుగుతూ, అడుగులు వేస్తూ పాడతారు. మొదటి పాట ఎప్పుడూ ఒకటే. భద్రాద్రి రాముడికి గుడి కట్టించి గోల్కొండ కోటలో చెరపడ్డ భక్తుడి మొర అది. ఆ మొదటి పాట ఎవరు ఎత్తుకుంటే ఆ ఏడాదికి వాళ్లే పెద్ద. నేను పుట్టకముందు నుంచీ మా తాతే ఎత్తుకుంటున్నాడు. ఊళ్లో చాలామంది ఆయన్ని పేరుతో కాక 'మొదటి పాట' అనే పిలుస్తారు. ఆయనకున్న ఆస్తిలో ఆయన ఆస్తిగా లెక్కించుకునేది అదొక్కటే.

ఆ ఏడు భజన అయ్యాక అందరం పందిట్లో తింటున్నాం. మా మామ్మ తమ్ముడు, లెస్కాలియేలో చిన్న అంగడి పెట్టుకున్నవాడు, అక్కడి భజనకు నాయకుడు, నోట్లో వడ నములుతూనే అన్నాడు.

"బావా, ఏటేటా గోల్కొండ చెర గురించి ఏడుస్తూ పాడతావు. అది నువ్వు చూసింది లేదు గదా!"

"నువ్వు చూశావేటి?"

"నేనూ చూడలేదు. అదే చెబుతున్నా. ఇద్దరం చూడలేదు. చూడనిదాని గురించి నువ్వెంత ఏడవగలవో నేనూ అంత ఏడవగలను. వచ్చే ఏడు మొదటి పాట మాకొదిలెయ్."

అప్పుడే వడ ఆకాశానికి లేచింది.

"చూసొస్తాను. ఆ చెరలో కూర్చుని పాట పాడి, అక్కడి రాయి తెచ్చి దీపస్తంభం కింద పెడతాను. తేలేకపోయానా, మొదటి పాట నీదే. నేను బతికున్నంత కాలం నీదే."

ఎవరో దగ్గారు. తర్వాత పాయసం వడ్డించారు.

పంచదారకు మంచి ధర పలుకుతున్న రోజులు కాబట్టి ప్రయాణం సాధ్యమైంది. తోడు నేను. ఇంగ్లీషు బోర్డులు చదవగలను, తెలుగు అచ్చు చదవగలను అని తాత అందరికీ చెప్పాడు. కోత రోజుల్లో ఇంట్లో లేకపోయినా ఎవరికీ తెలియనివాణ్ని నేనొక్కణ్నే అని మామ్మ చెప్పింది. మామ్మ ఈ గొడవలో ఎవరి పక్షమూ వహించలేదు.

"మొగుడూ మూర్ఖుడే, తమ్ముడూ మూర్ఖుడే," అంది పెట్టెలో ఊరగాయ జాడీ సర్దుతూ. "ఒకడు ఇండియా పోతున్నాడు. రెండోవాడు అలిగి మా ఇంటికి రాడు. నాలుగు నెలలు నా బతుకు రామరాజ్యం."

పోర్ట్ లూయిస్ రేవుకి ఊరంతా రైల్లో తరలివచ్చింది. దండలు వేశారు, హారతి ఇచ్చారు, భజన చేశారు, ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. ఓడలోకి బొగ్గు ఎక్కించడం అవలేదు, రేపు రండి అన్నారు. అందరం మళ్లీ రైలెక్కి ఇంటికి వచ్చాం. మర్నాడు మేమిద్దరమే వెళ్లాం. స్టేషన్ దాకా మా కుక్క వచ్చింది.

సముద్రం గురించి వర్ణన ఉండాలి కానీ నేను చూసింది తక్కువ. తాత వాంతి చేసుకునేవాడు, నేను గిన్నె పట్టుకునేవాణ్ని. తర్వాత పాత్రలు మారేవి. కొలంబోలో ఓడ దిగి, రైలూ మరో ఓడా ఎక్కి, చివరికి భారతభూమి మీద కాలు పెట్టినప్పుడు తాత ఒక్కసారిగా ఆగిపోయాడు. ఆయన నాన్న విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి చెరుకు తోటకు వచ్చినవాడు. తాత పుట్టింది ఆ తోట కాంపులో, కూలీల కోసం కట్టిన రాతి గదుల వరసలో. తండ్రుల నేలను తొలిసారి చూస్తున్నాడు. వంగి, రెండు చేతులా నేల తాకి, కళ్లకద్దుకున్నాడు. అది సామాన్లు తనిఖీ చేసే గోదాము సిమెంటు గచ్చు. అప్పుడే ఫినాయిల్ వేసి కడిగారు. సాయంత్రం దాకా ఆయన కళ్లు మండుతూనే ఉన్నాయి. చూసినవాళ్లంతా భక్తి అనుకున్నారు.

హైదరాబాదు చేరేసరికి తాతకు కొత్త చిక్కు వచ్చిపడింది. ఆయన ఇంట్లో మాట్లాడేది మా ద్వీపపు భాష క్రియోల్. తెలుగు ఆయనకు కీర్తనల్లో వచ్చు. కాబట్టి టీ అడిగినా శరణు వేడినట్టే ఉండేది. హోటలువాడు జడిసి రెండు కప్పులు తెచ్చి పెట్టేవాడు. జట్కావాడు మాత్రం జడవలేదు.

"ఏ ఊరు సామీ మీది?"

"మాంటాన్ బ్లాంష్," అన్నాడు తాత.

"గది ఏ తాలూకా?"

"మోకా." అది మా ద్వీపంలో మా జిల్లా.

"ఆఁ, మోకానా! జర ముందుగాల చెప్పరాదు?" అని గుర్రాన్ని అదిలించాడు. మోకా తెలిసిన మనిషి దొరికాడని తాత దారంతా సంతోషపడ్డాడు.

ముందు చార్మినారు చూశాం. తాత దాని చుట్టూ తిరిగి మినార్లు లెక్కపెట్టాడు. నాలుగే ఉన్నాయి. తృప్తిగా తలాడించాడు. ఆ తర్వాత కోటకు పోయే దారిలో నవాబుల గోరీలు చూశాం. ఒక్కొక్కటి పెద్ద గుమ్మటం, చుట్టూ తోట, లోపల చల్లదనం. తాత ఒకదాని అరుగు మీద కాసేపు కూర్చుని, "చచ్చినోళ్లకి ఇంతింత ఇళ్లా! మా కాంపులో ఇంత చోటుంటే పన్నెండు కుటుంబాలుండేవి" అన్నాడు. పన్నెండు కుటుంబాలనూ ఎక్కడెక్కడ పెట్టవచ్చో వేలితో చూపించాడు కూడా. వంటకు చోటు బయట.

ఇక కోట. గోడలు కొండను చుట్టుకుని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నాయో తెలియకుండా ఉన్నాయి. తలుపుల మీద ఏనుగు కుంభస్థలం ఎత్తున ఇనుప మేకులున్నాయి. బురుజుల మీద ఫిరంగులు ఎండకు కాలుతున్నాయి, వాటి మీద మేకలు పడుకుని ఉన్నాయి. దారి చూపించడానికి బీడీ కాల్చే ముసలాయన ఒకడు కుదిరాడు. గుమ్మంలో గుమ్మటం కింద నిలబెట్టి మాకు ఆ కోట రహస్యం చెప్పాడు.

"గిక్కడ చప్పట్లు గొడితే గా కొండ మీద ఇనవడ్తది. దుష్మన్ ఎవడన్నొస్తే పైనున్న రాజుకు ఖబర్ పోయేటట్టు కట్టిన్రు. పిలగాడు నాతోని పైకొస్తడు. పెద్దమనిషి గిక్కడ్నే ఉండి ఒక్క చప్పట గొట్టాలె."

తాతను అక్కడే వదిలి మేమిద్దరం ఎక్కాం. మెట్లు లెక్కపెడదామనుకున్నాను కానీ నలభై దాటాక ఊపిరి మీద శ్రద్ధ పెట్టాల్సి వచ్చింది. పైన గాలి విసురుగా ఉంది. కిందికి చూస్తే కోట లోపలి ఇళ్లూ, శిథిలాలూ, ఎండిపోయిన చెరువూ, దూరంగా గోరీల గుమ్మటాలూ చిన్న చిన్నగా కనిపిస్తున్నాయి. ముసలాయన చెయ్యి ఊపాడు. కింద నుంచి చప్పట వినిపించింది. స్పష్టంగా, పక్కన నిలబడి కొట్టినట్టే. ఆశ్చర్యపోయే లోపల ఇంకోటి వినిపించింది. ఆ తర్వాత వరసగా నాలుగు. ఆ తర్వాత ఆగలేదు. మా తాతకు ఒక్క చప్పట కొట్టడం చేతకాదు. చెయ్యి చెయ్యి తగిలిందంటే తాళం మొదలైనట్టే.

పైన కాపలా ఉన్న సిపాయి లేచి కిందికి తొంగిచూశాడు.

"ఎవడు వాడు?"

"మా తాత," అన్నాను.

"గింత మంది దుష్మన్లు ఎన్నడూ రాలే," అన్నాడు ముసలాయన బీడీ ముట్టించుకుంటూ.

కాసేపటికి చప్పట్లు ఆగాయి. మేం దిగడం మొదలుపెట్టాం. సగం దారిలో పాట వినిపించింది. మొదటి పాట. ముసలాయనకూ నాకూ మధ్య తాత గొంతు రాతి గోడల్లోంచి లేచి వస్తోంది. గుమ్మం వదిలి, చెర వెతుక్కుంటూ తనే వచ్చేశాడు. ఆ గొంతు పట్టుకుని వెళితే ఒక చిన్న గది. వంగితేగానీ దూరలేనంత పొట్టి గుమ్మం, కిటికీ లేదు, నల్లబడ్డ గోడలు, గోడకో ఇనుప కడియం. లోపల తాత బాసింపట్టు వేసుకుని, కళ్లు మూసుకుని, తాళాలు వాయిస్తూ పాడుతున్నాడు. చెంపలు తడిసిపోయాయి. ఆ గొంతు అలా పలకడం నేనెప్పుడూ వినలేదు. వెటకారం ఆడదామంటే మాట రాలేదు. ఇది ఈ కావ్యంలో ఒక్కసారే జరుగుతుంది.

ముసలాయన నా చెవి దగ్గరకు వంగాడు.

"పెద్దమనిషి గిండ్ల కూసున్నడేంది?"

"చెరసాల కదా."

"చెర గిది గాదు. గిది గుర్రాల దాణా పెట్టే కొట్టు. చెర గదిగో, ఆ పక్క."

ఆయన చూపించిన వైపు చూశాను. కొన్ని మెట్ల పైన పెద్ద కమాను, ఎత్తైన పైకప్పు. తాత దాని ముందు నుంచే వచ్చి ఉండాలి. ఎందుకు ఆగలేదో నాకు వెంటనే అర్థమైంది. తాతకు తెలిసిన చెరలన్నీ మా ద్వీపంలోవే. తోట కాంపులో గది, పని ఎగ్గొట్టినవాణ్ని దొర మూసిపెట్టే గది, చెప్పకుండా తోట దాటినవాణ్ని పెట్టే గది. అన్నీ ఒకే కొలత: పొట్టి గుమ్మం, కిటికీ ఉండదు, గోడకు కడియం. మా కాంపుల్లో పుట్టినవాడెవడైనా ఆ కొండ మీద చెర వెతికితే తిన్నగా ఆ దాణా కొట్టుకే వస్తాడు.

పాట ముగిసింది. తాత కళ్లు తుడుచుకుని, గుమ్మం పక్కన ఊడిపడ్డ రాతిముక్కను తీసుకుని, కండువాలో మూట కట్టుకున్నాడు.

"చూశావురా," అన్నాడు నాతో. "అచ్చం మన కాంపే."

ముసలాయన నోరు తెరిచాడు. నేను ఆయన కాలు తొక్కాను.

"తాతా, అటుపక్క ఇంకో గది ఉందట. చూద్దామా?"

"చాలు. చూడాల్సింది చూశాను." తాత ఒక రాయి మీద కూలబడి మంచినీళ్లు అడిగాడు.

నేనొక్కణ్నే మెట్లెక్కి వెళ్లాను. గది ఎత్తుగా, విశాలంగా, చల్లగా ఉంది. పైనుంచి వెలుగు పడుతోంది. గోడ మీద రాముడూ హనుమంతుడూ చెక్కి ఉన్నారు. ఖైదీ తన చేతులతో చెక్కుకున్నాడట. అంత ఓపిక అంత చెరలోనే సాధ్యం. ఇందులో చెరపడ్డం మా కాంపువాళ్లకు పదోన్నతి. కింద పడి ఉన్న చిన్న రాతిపెచ్చు తీసి జేబులో వేసుకున్నాను.

ఎందుకంటే ప్రతిజ్ఞ గుర్రాల దాణా గురించి కాదు. నాలుగు నెలలు వాంతులు చేసుకుని, చివరికి తాత తెచ్చింది దాణా కొట్టు రాయి అని ఎవరికైనా తెలిస్తే, లెస్కాలియే తాత, అదే మా మామ్మ తమ్ముడు, తన అంగడి ముందు నిలబెట్టి వచ్చేపోయేవాళ్లందరికీ చెబుతాడు. మొదటి పాట పోతుంది. తాతకు చెబితే అక్కడికక్కడే గుండె పగులుతుంది. చెప్పకపోతే రాముడి దగ్గర అబద్ధం. కాబట్టి నాకు తోచిన ధర్మమార్గం ఒక్కటే, దొంగతనం. తిరుగు ప్రయాణంలో కొలంబో దాటాక తాత వాంతి తర్వాతి నిద్రలో ఉండగా మూట విప్పి రాళ్లు మార్చాను. దాణా కొట్టు రాయిని సముద్రంలోకి విసిరాను. బుడుంగుమని కూడా అనలేదు, ఓడ ఇంజను చప్పుడు అంతుంది. ఇప్పుడు తాత మూటలో ఉన్నది నిజమైన రాయి. తాత బుర్రలో ఉన్నది తప్పు గది. ఈ రెండూ ఒక చోట కలవకుండా ఉంటే చాలనుకున్నాను.

శ్రీరామనవమి నాడు రెండు ఊళ్లూ చేరాయి. పందిట్లో తాత మూట విప్పి అరచేతిలో రాయి చూపించాడు. జనం గుమిగూడారు. ఒక ముసలమ్మ రాయికి దణ్ణం పెట్టి, నాకూ పెట్టింది. లెస్కాలియే తాత మాత్రం దూరం నుంచే అడిగాడు.

"రాయి ఏ ఏటి ఒడ్డునైనా దొరుకుతుంది. గది ఎలా ఉందో చెప్పు బావా."

తాత గొంతు సవరించుకున్నాడు.

"నేను కూర్చున్న గది చెబుతాను. గుమ్మం ఇంత." నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. "వంగితేగానీ దూరలేం. కిటికీ లేదు. పగలు కూడా చీకటే. గోడకి కడియం. వీపు ఆనిస్తే చెమ్మ."

పందిట్లో ముసలివాళ్లంతా ఒక్కసారి మూలిగినట్టు "అవునవును" అన్నారు. వాళ్లెవరూ గోల్కొండ చూడలేదు. అయినా అందరికీ ఆ గది తెలుసు. లెస్కాలియే తాత ముందుకు వచ్చి మా తాత రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు.

"అయ్యో బావా! పెద్ద హాలు, బొమ్మలు, ఎత్తు కప్పు అని ఏవేవో చెబుతావు, అక్కడే పట్టేద్దామనుకున్నాను. చూశావు. నిజంగా చూశావు. పాట ఎత్తుకో."

నిజం చెప్పి ఉంటే ఓడిపోయేవాళ్లం. రాయి దీపస్తంభం కిందికి చేరింది, తాత గొంతు లేచింది, రెండు ఊళ్లూ అడుగు కలిపాయి. మామ్మ నా పక్కకు వచ్చి, "మా తమ్ముడు ఇంటికి రావడం మళ్లీ మొదలెడతాడన్నమాట," అని నిట్టూర్చి వంటల వైపు వెళ్లింది.

ఇక్కడితో ఆపితే కావ్యం. కానీ మొదటి పాట ఎత్తుకున్నవాడి ఇంటివాళ్లే మర్నాడు దీపస్తంభం తోమాలన్నది మా రెండు ఊళ్ల ఆచారం. మర్నాడు పొద్దున నేనూ తాతా పెరట్లో దాన్ని విడదీసి పెట్టుకుని కూర్చున్నాం. తాత అంత సంతోషంగా ఉంటే నాకు మనసు ఆగలేదు.

"తాతా, నువ్వు పాడింది చెరలో కాదు."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"దాణా కొట్టు. యాభై ఏళ్లు ఎడ్లకి దాణా కలిపాను, ఆ వాసన తెలీదేటి? రెండో చరణంలోనే తెలిసిపోయింది."

"మరి ఆపలేదేం?"

"ఎత్తుకున్న పాట మధ్యలో ఆపుతారేటిరా?"

"పోనీ, తర్వాతైనా ఆ అసలు గదికి రావొచ్చుగా?"

"మెట్లున్నాయి కదా," అన్నాడు తాత మోకాళ్లు నిమురుకుంటూ. "అయినా పాట అయిపోయింది. అబద్ధం కూడా చెప్పలేదు. నేను కూర్చున్న గది చెబుతానన్నాను, చెప్పాను. చెర అని వాళ్లనుకున్నారు."

అప్పుడు నేను గర్వంగా అసలు సంగతి చెప్పాను. దీపస్తంభం కింద ఉన్నది నిజమైన చెర రాయేననీ, నేనే తెచ్చి మార్చాననీ, ఇక రాముడి దగ్గర ఏ దోషమూ లేదనీ. తాత తోమడం ఆపాడు.

"మరి నా రాయేది?"

"సముద్రంలో వేశాను."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. కోపం కాదు. ఓడలో వాంతుల తర్వాత కూడా ఆ మొహం అంత వాడిపోలేదు.

"నేను పాడింది ఆ గదిలోరా," అన్నాడు. "ఈ రాయి నా పాట వినలేదు."

నేను తోముతున్న చోటే మళ్లీ తోమాను. తాత, "ఇటివ్వు, అక్కడ ఇంకా పోలేదు," అని నా చేతిలోంచి స్తంభం పైభాగం లాక్కుని చింతపండుతో రుద్దడం మొదలుపెట్టాడు. వేడినీళ్లు తెమ్మన్నాడు, తెచ్చాను. ఇత్తడికి పట్టిన నూనె జిడ్డు చన్నీళ్లతో పోదు.